ట్యాంకు తిప్పాలా, వదిలేయాలా: విశాఖలో నలుపు-తెలుపు రీలు కడిగేవాళ్లకి

ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని పొద్దున్నే తీసిన రీలు ఒకటి నా దగ్గర ఉంది. ఫ్రేములో కింద మూడో వంతు జలాంతర్గామి, పైనంతా ఆకాశం. రాడినాల్ అనే డెవలపర్‌ని (ఫిల్ము మీద బొమ్మ తెప్పించే మందు) ఒక వంతుకి వంద వంతుల నీళ్లతో, అంటే 1:100గా కలిపి, వెలుతురు చొరబడని ట్యాంకులో రీలుని గంటసేపు ముట్టుకోకుండా వదిలేసి కడిగాను. ఆరిన నెగెటివ్‌ని కిటికీకి అడ్డంపెట్టి చూస్తే, నీడలో ఉన్న అడుగు భాగం కూడా చక్కగా వచ్చింది. ఆకాశంలో మాత్రం చారలు. రీలు అంచున ఉండే చిల్లుల దగ్గర మొదలై కిందికి జారాయి, దువ్వెనతో దువ్వినట్టు, సమాన దూరంలో. స్కాన్ చేశాక కంప్యూటర్లో తుడిచేద్దామని ఒక సాయంత్రం కూర్చున్నాను. ఆరు ఫ్రేముల తర్వాత లేచిపోయాను.

తిప్పకుండా కడిగే పద్ధతిని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. ఇప్పటికీ వాడతాను. కాకపోతే ఏ రీలుకి వాడాలో తేల్చుకునే తీరు మారింది. ఫిల్ము ఏ కంపెనీది, ఐఎస్ఓ (వెలుతురుకి ఫిల్ము స్పందించే వేగం) ఎంత అన్నవి తర్వాత చూస్తాను. ముందు ఆ రీల్లో ఆకాశం ఎంత ఉందో గుర్తు చేసుకుంటాను. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకి ఇదే పెద్ద చిక్కు. మన ఎండకి కాంట్రాస్ట్ (వెలుగు, నీడల మధ్య తేడా) తగ్గించే పద్ధతి కావాలి. ఆ పద్ధతి చెడగొట్టేదేమో, మనం ఎక్కువగా తీసే ఆకాశాన్నీ నీళ్లనీ.

కదపకపోతే లోపల జరిగేది

వెలుతురు తగిలిన వెండి లవణాన్ని డెవలపర్ నల్లటి వెండిగా మారుస్తుంది. ఆ పని జరిగేటప్పుడు బ్రోమైడ్ బయటికి వస్తుంది. బ్రోమైడ్ అంటే డెవలపర్‌కి బ్రేకు లాంటిది. ఆకాశం, తెల్ల గోడ, ఎండలో మెరిసే ఇసుక పడ్డ చోట పని ఎక్కువ కాబట్టి అక్కడి డెవలపర్ త్వరగా అయిపోతుంది, బ్రోమైడ్ పేరుకుంటుంది. ట్యాంకు తిప్పితే పాతది పోయి కొత్త ద్రావణం వస్తుంది, పని మళ్లీ ఊపందుకుంటుంది. తిప్పకపోతే అక్కడ పని నెమ్మదిస్తుంది. నీడ పడ్డ చోట పని తక్కువ, డెవలపర్ మిగిలే ఉంటుంది, మెల్లగా సాగుతూనే ఉంటుంది. చివరికి వెలుగులు అదుపులో ఉంటాయి, నీడలు తేరుకుంటాయి.

వెలుగు, నీడ కలిసే గీత దగ్గర ఇంకో తమాషా ఉంది. నీడ వైపు మిగిలిన తాజా డెవలపర్ వెలుగు వైపుకి కొంచెం పాకుతుంది, వెలుగు వైపు బ్రోమైడ్ నీడ వైపుకి పాకుతుంది. దాంతో అంచుకి ఒక పక్క కాస్త ఎక్కువ నల్లగా, రెండో పక్క కాస్త పలచగా సన్నటి గీతలు పడతాయి. వీటిని మాకీ లైన్లు అంటారు. బొమ్మ మరింత షార్ప్‌గా కనిపించేది వీటి వల్లే.

ఇదంతా బాగానే ఉంది కానీ, బ్రోమైడ్ ఎక్కువున్న ద్రావణం చుట్టూ ఉన్నదానికంటే బరువు. పుట్టిన చోట నిలవదు, కిందికి జారుతుంది. జారిన దారిలో పని మందగిస్తుంది. దారి మధ్యలో ఆకాశం లాంటి ఒకే తీరు బూడిదరంగు ఉంటే ఆ మందగింపు చారగా కంటపడుతుంది. చెట్టు కొమ్మలో, జనమో ఉంటే చార ఉన్నా ఎవరూ పట్టుకోలేరు. నా కురుసుర రీలుకి జరిగింది ఇదే.

మామూలుగా తిప్పడం

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఫిల్ము కంపెనీ ఇల్ఫర్డ్ చెప్పే లెక్క: మొదటి 10 సెకన్లలో ట్యాంకుని నాలుగుసార్లు తలకిందులు చేయాలి, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో అలాగే నాలుగుసార్లు. వాళ్ల హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముని ఐఎస్ఓ 400కి తీసి డీ-76 అనే డెవలపర్ 1:1లో కడిగితే 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. రాడినాల్ 1:50లో కూడా 11 నిమిషాలే. ఫలితం ప్రతిసారీ ఒకేలా వస్తుంది, తప్పు జరిగితే ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు పది రీళ్లయినా ఇలాగే కడగండి. నిజం చెప్పాలంటే నేను కడిగే రీళ్లలో సగానికి పైగా ఇలాగే కడుగుతాను.

తక్కువ తిప్పడం

ఈ పద్ధతిని ఎందుకో ఎవరూ పట్టించుకోరు. చర్చంతా పూర్తిగా తిప్పేవాళ్లకీ, అసలు తిప్పనివాళ్లకీ మధ్యే. నిమిషానికోసారి బదులు మూడు నిమిషాలకోసారి, రెండుసార్లు మాత్రమే తలకిందులు చేయండి. టైమ్ ఓ పదిహేను శాతం పెంచండి. వెలుగులు కొంచెం తగ్గుతాయి, మూడు నిమిషాల్లో బ్రోమైడ్ దూరం జారలేదు కాబట్టి ఆకాశం శుభ్రంగా ఉంటుంది. హెచ్‌పీ5ని 400కి బదులు 200 అనుకుని తీసి, డీ-76 1:1లో ఇలా కడిగితే మధ్యాహ్నం పన్నెండింటికి రుషికొండలో తీసిన రీలు కూడా ప్రింటుకి పనికొస్తుంది. తెల్ల నురగలో నురగ కనిపిస్తుంది, పడవ నీడలో తాళ్లు కనిపిస్తాయి.

సముద్రం, ఆకాశం ఉన్న ఎండ రీలుకి నా ఓటు దీనికే.

మధ్యలో ఒక్కసారి, లేదా అసలు లేకుండా

ముప్పావు గంటో, గంటో ట్యాంకుని వదిలేసి, సగం టైమ్ దగ్గర ఒకట్రెండుసార్లు మెల్లగా తిప్పితే అది సెమీ స్టాండ్. మొదటి నిమిషం తర్వాత అసలు ముట్టుకోకపోతే స్టాండ్. సాధారణంగా వాడేది రాడినాల్ 1:100. ఆగ్ఫా వాళ్లు 1891లో తెచ్చిన డెవలపర్ ఇది, ఇప్పటికీ అమ్ముతున్నారు. మూత తీసిన సీసాలో నల్లబడినా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. హెచ్‌సీ-110 వాడేవాళ్లూ ఉన్నారు, 1:119 దగ్గర. అందులో గ్రెయిన్ (బొమ్మలో కనిపించే రేణువులు) కాస్త మెత్తగా, ఫాగ్ (వెలుతురు తగలని చోట కూడా పడే బూడిదరంగు) తక్కువగా ఉంటుంది. డేట్ అయిపోయిన పాత రీళ్లకి రాడినాల్ స్టాండ్ కంటే అదే నయం, ఎందుకంటే గంటసేపు నానితే పాత ఫిల్ములో ఉన్న ఫాగ్ కూడా ఊరికే ఉండదు.

రెండింట్లో ఏదంటే నేను సెమీ స్టాండే చెబుతాను. ముప్పయ్యో నిమిషం దగ్గర ఆ రెండు తిప్పుళ్ల వల్ల కాంట్రాస్ట్ కొద్దిగా పెరుగుతుందంతే. కానీ పేరుకున్న బ్రోమైడ్ చెదిరిపోతుంది. పూర్తి స్టాండ్‌తో అదనంగా వచ్చే లాభం నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. చారలు మాత్రం ఆనాయి.

మొదటి నిమిషం విషయంలో బద్ధకం కూడదు. స్టాండ్ అంటే బద్ధకస్తుల పద్ధతి అని ఆ నిమిషాన్ని కూడా వదిలేసేవాళ్లు ఉన్నారు. ఫిల్ము అంతా ఒకేలా తడవాల్సింది అప్పుడే. మెల్లగా, ఆగకుండా 60 సెకన్లు తిప్పండి. తర్వాత ట్యాంకు అడుగుని అరచేత్తో రెండుమూడు సార్లు గట్టిగా తట్టండి. మామూలు పద్ధతిలో గాలి బుడగ ఒకటి ఫిల్ముకి అంటుకున్నా వచ్చే నిమిషంలో తిప్పినప్పుడు పోతుంది. ఇక్కడ ఆ బుడగ గంటసేపు అక్కడే కూర్చుని గుండ్రటి మచ్చ పెడుతుంది. నేను డెవలపర్‌కి ముందు ఐదు నిమిషాలు మంచినీళ్లలో నానబెడతాను కూడా. ఇల్ఫర్డ్ వాళ్లు ముందు నానబెట్టొద్దంటారు, అయినా స్టాండ్ వరకు నాకు మేలే జరిగింది. ఫోమా కంపెనీ 120 సైజు రీలైతే ఆ నీళ్లు పారబోసేటప్పుడు చూడండి, ఆకుపచ్చగా పోతాయి. మొదటిసారి చూసినప్పుడు ఫిల్ము మొత్తం కరిగిపోయిందనుకుని నాకు చెమటలు పట్టాయి. అది ఫిల్ము వెనక ఉండే రంగు, కంగారు పడక్కర్లేదు.

మందు మిగులుతుందా?

స్టాండ్ వల్ల డెవలపర్ ఖర్చు తగ్గుతుందని అందరూ అంటారు. లెక్క వేసి చూద్దాం. పాటర్సన్ ట్యాంకులో ఒక 35 ఎంఎం రీలుకి 290 ఎంఎల్ చాలు. 1:100 కలిపితే అందులో రాడినాల్ 3 ఎంఎల్ కూడా ఉండదు. ఒక రీలుని సరిగ్గా కడగడానికి కనీసం 5 ఎంఎల్ అయినా ఉండాలన్నది చాలామంది అనుభవం, నాది కూడా. తక్కువైతే నీడలు రాకముందే మందు అయిపోతుంది. అందుకని రెండు రీళ్ల ట్యాంకులో ఒక్క రీలే పెట్టి, 600 ఎంఎల్ నింపాలి. అంటే సుమారు 6 ఎంఎల్ రాడినాల్. ఇప్పుడు మామూలుగా 1:50లో 290 ఎంఎల్ కలిపితే ఎంత పడుతుంది? అదీ 6 ఎంఎల్‌కి కొంచెం తక్కువే! నీళ్లు రెట్టింపయ్యాయి, గంట టైమ్ పోయింది, మందు మాత్రం మిగల్లేదు. 1:25లో కడిగేవాళ్లతో పోలిస్తేనే మిగులు.

ఆ 600 ఎంఎల్‌లో రెండు రీళ్లు పెట్టేసి పొదుపు చేద్దామనుకోకండి. ఒక్కోదానికి 3 ఎంఎల్ వస్తుంది, మళ్లీ మొదటికే వచ్చాం. ఖాళీ స్పైరల్‌ని (ట్యాంకులో ఫిల్ముని చుట్టే చట్రం) అడుగున పెట్టి, ఫిల్ము ఉన్నదాన్ని పైన పెట్టండి. కిందికి జారిన బ్రోమైడ్ అడుగున చేరినా ఫిల్ముకి దూరంగా ఉంటుంది. కొలవడానికి మెడికల్ షాపులో దొరికే 10 ఎంఎల్ సిరంజి చాలు, సూది తీసేయండి. కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడతాను. బ్యాటరీల షాపులో అడిగితే ఇస్తారు.

అసలు శత్రువు డాబా మీద ట్యాంకు

పుస్తకాల్లో ఉండే 20 డిగ్రీల నీళ్లు విశాఖ కుళాయిలో ఎప్పుడు వస్తాయో నాకైతే తెలియదు. డిసెంబరు తెల్లవారుజామున కాస్త దగ్గరికి వస్తాయేమో. మే నెలలో డాబా మీది నల్ల సింటెక్స్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లతో గిన్నెలు కడగడమే కష్టం, రీలు మాట సరేసరి.

మామూలు పద్ధతిలో ఒక డిగ్రీ పెరిగితే టైమ్ సుమారు పది శాతం తగ్గించాలి. 20 దగ్గర 11 నిమిషాలైతే 24 దగ్గర ఏడున్నర నిమిషాలు. 30 దగ్గర నాలుగు నిమిషాలకి పడిపోతుంది. ఐదు నిమిషాల కంటే తక్కువ టైమ్ అంటే నాకు భయం, పోయడానికీ పారబోయడానికీ పట్టే పది పదిహేను సెకన్లే పెద్ద తేడా అవుతాయి. అందుకే ఇక్కడ నేను 24 డిగ్రీలనే నా ప్రమాణంగా పెట్టుకున్నాను. ఫ్రిజ్ నీళ్లు కలిపితే ఆ స్థాయికి తేవడం తేలిక, ఏసీ గదిలో పది నిమిషాలు నిలబెట్టడమూ తేలికే. డెవలపర్ తర్వాత బొమ్మని నిలబెట్టే ఫిక్సర్, కడిగే నీళ్లు కూడా దాని దగ్గర్లోనే ఉంచండి. 24 నుంచి ఒక్కసారిగా 33లోకి వేస్తే ఫిల్ము మీది జెలటిన్ పొరకి మంచిది కాదు.

స్టాండ్‌కి టెంపరేచర్‌తో పనిలేదని ఒక నమ్మకం ఉంది. సగం నిజం. వెలుగులు పెద్దగా పెరగవు, అక్కడి మందు అయిపోయింది కాబట్టి. నీడలకీ, ఫాగ్‌కీ మాత్రం మందు మిగిలే ఉంటుంది. పైగా గంటసేపు బల్ల మీద పెట్టిన ట్యాంకు గది వేడికి చేరుకుంటుంది. 22తో మొదలైంది 29తో ముగుస్తుంది. ఒక వేసవిలో అలా కడిగిన రీలు స్కానర్‌లో పెడితే, ఫ్రేముల మధ్య తెరిపిగా ఉండాల్సిన చోటు కూడా బూడిదరంగులో ఉంది. ఇప్పుడు ట్యాంకుని బకెట్లో, మూత అంచు కింది వరకు నీళ్లు పోసి పెడతాను. బకెట్ నీళ్లు మెల్లగా వేడెక్కుతాయి కాబట్టి ట్యాంకూ మెల్లగానే వేడెక్కుతుంది. ఒక పాలిథిన్ సంచిలో ఐసు ముక్కలు వేసి మూతి కట్టి అందులో పడేస్తే ఇంకా నిలకడ. బకెట్ కూడా 27, 28 దాటేలా ఉంటే గంట దాకా ఆగను, నలభై నిమిషాలకే పారబోస్తాను.

ఉక్కపోత గురించి ఒక మాట. వెలుతురు సోకకుండా ఫిల్ముని స్పైరల్‌లోకి ఎక్కించే ఛేంజింగ్ బ్యాగులో చేతులు పెట్టిన రెండు నిమిషాలకే అరచేతులు తడుస్తాయి, ఫిల్ము స్పైరల్‌లో సగం దాకా వెళ్లి మొరాయిస్తుంది. లాగితే మడత పడుతుంది, చంద్రవంక ఆకారంలో మచ్చ వస్తుంది. ఇది ఏ పద్ధతిలో కడిగినా ఉండే బాధే. ఫ్యాన్ కింద, స్నానం చేసిన వెంటనే కాకుండా, చేతులు బాగా ఆరాక మొదలుపెట్టండి.

ఇంకో దారి: రెండు గిన్నెలు

వెలుగుల్ని అదుపులో పెట్టడమే కావాలంటే గంటసేపు ఆగక్కర్లేదు. ఫిల్ముని ముందు డెవలపర్‌లో నానబెట్టి, పారబోసి, కడగకుండా రెండో ద్రావణమైన క్షారంలో వేయడం ఒక పాత పద్ధతి. జెలటిన్ పీల్చుకున్న డెవలపర్ మాత్రమే రెండో దశలో పనిచేస్తుంది. వెలుగుల దగ్గర అది త్వరగా అయిపోతుంది, నీడల దగ్గర నిలుస్తుంది. స్టాండ్ గంటలో చేసేది ఇది ఎనిమిది పది నిమిషాల్లో చేస్తుంది. రెండో ద్రావణంలో మెల్లగా తిప్పొచ్చు కాబట్టి చారల టెన్షన్ కూడా తక్కువ. డయాఫైన్ అనే రెడీమేడ్ మందు ఇలాంటిదే, 21 నుంచి 29 డిగ్రీల దాకా ఒకే టైమ్‌తో పనిచేసేలా చేశారు. మన వాతావరణానికి చేసినట్టే ఉంటుంది.

దొరక్కపోతే డీ-23 కలుపుకోవచ్చు. లీటరుకి మెటాల్ 7.5 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు. రెండో గిన్నెలో లీటరుకి బోరాక్స్ 10 గ్రాములు. కాకపోతే ఇందులో మొదటి గిన్నెలోనే కొంత డెవలప్ అవుతుంది, అందుకని అక్కడ టెంపరేచర్, టైమ్ చూసుకోవాలి. మెటాల్ కొందరి చర్మానికి పడదు, గ్లవ్స్ వేసుకోండి. తిప్పకుండా కడిగేవాళ్లు ఎంతో మెచ్చుకునే పైరోకాట్ లాంటి మందులూ ఉన్నాయి. ఫలితం బాగుంటుంది కానీ ఆ పొడులు విషం. పిల్లలు తిరిగే వంటింట్లో తూచే వస్తువు కాదు.

ఏ రీలుకి ఏది

కురుపాం మార్కెట్ సందుల్లో తీసిన రీలు ఇచ్చి ఏం చేయమంటారని అడిగితే, తడుముకోకుండా సెమీ స్టాండ్ అంటాను. నగల కొట్టు లోపల చీకటి, గుమ్మం బయట మండే ఎండ. ఒకే ఫ్రేములో రెండూ కావాలి. ఆకాశం పై నుంచి పట్టీలా కనిపిస్తుందంతే, మిగతాదంతా బోర్డులు, తీగలు, మనుషులు. కిందటి వేసవిలో అలాంటి రీలు ఒకటి కడిగాను. కొట్టు లోపల తక్కెడ ముందు కూర్చున్నాయన వేళ్లు, బయట స్కూటరు మీద పడ్డ ఎండ, రెండూ నెగెటివ్‌లో ఉన్నాయి. స్కూటరు అద్దం అంచు చుట్టూ మాకీ గీత సన్నగా, పెన్సిల్‌తో గీసినట్టు ఉంది. మామూలుగా తిప్పి ఉంటే ఆ ఎండ సున్నం కొట్టినట్టు ఉండేది.

ఫిషింగ్ హార్బర్ మధ్యస్థం. పడవల మధ్య నుంచి, నీడల్లో తీస్తే సెమీ స్టాండ్. జెట్టీ మీద నుంచి నీళ్ల వైపు తీస్తే మూడు నిమిషాలకోసారి తిప్పే పద్ధతి. భీమిలి, రుషికొండ, తొట్లకొండ మీద నుంచి సముద్రం, ఇవన్నీ కూడా ఈ రెండో కోవలోవే.

అరకు పొగమంచుకి ఈ గొడవ ఏదీ వద్దు. అక్కడ కాంట్రాస్ట్ ముందే తక్కువ. దాన్ని సెమీ స్టాండ్‌లో వేస్తే గంజిలో ముంచి తీసినట్టు వస్తుంది. మామూలుగా తిప్పండి, అవసరమైతే టైమ్ ఇంకో పది శాతం పెంచండి.

రాత్రి ఫొటోల దగ్గర మాత్రం పూర్తి స్టాండ్ తన సత్తా చూపిస్తుంది. కైలాసగిరి మీద నుంచి బీచ్ రోడ్డు దీపాలు, దూరంగా లంగరేసిన ఓడల దీపాలు తీశారనుకోండి. దీపాల దగ్గర మందు త్వరగా అయిపోయి అవి అదుపులో ఉంటాయి. బ్రోమైడ్ జారినా, జారే చోటంతా నల్ల ఆకాశం, అంటే నెగెటివ్‌లో ఖాళీ. ఖాళీలో చార కనబడదు. ఒక జాగ్రత్త: అసలు వెలుతురే సోకని నీడని ఏ పద్ధతీ తీసుకురాలేదు. హెచ్‌పీ5కి వెలుతురు కొలిచే మీటర్ 10 సెకన్లు చెబితే ఇల్ఫర్డ్ లెక్క ప్రకారం 20 సెకన్ల దాకా ఇవ్వాలి. ఇవ్వకుండా, స్టాండ్ చూసుకుంటుందిలే అంటే కుదరదు.

ఒకే రీల్లో ఆకాశం, సందు, రాత్రి అన్నీ ఉంటే? అలాంటి రీలుకి స్టాండే దిక్కని చాలామంది చెబుతారు, ఏ ఐఎస్ఓకి తీసినా లాగేస్తుందని. నేనైతే ఆ రీల్లో నాకు బాగా కావలసిన ఫ్రేము ఏదో చూసుకుని దానికి తగ్గట్టు కడుగుతాను. తేల్చుకోలేకపోతే మూడు నిమిషాల పద్ధతి.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఒక రీలు ఖర్చు పెట్టండి. ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి, సగం ఆకాశం, సగం చెట్లూ ఇళ్లూ ఉన్న ఒకే దృశ్యాన్ని రీలంతా ఒకే సెట్టింగులో తీయండి. ఛేంజింగ్ బ్యాగులో కత్తెరతో సగానికి కోసి, సగం సెమీ స్టాండ్‌లో, సగం తక్కువ తిప్పి కడగండి. రెండు ముక్కలూ ఆరాక కిటికీకి పక్కపక్కన అంటించి, ముందు చిల్లుల కింద ఆకాశం చూడండి, తర్వాత చెట్టు కింద నీడ.